లావుగీత

మందుల షాపాయనకి ఒళ్లు మండిపోయింది. పటంలో తను వాగు అని పెట్టినదాన్ని ఎవరో మళ్లీ నదిగా మార్చేశారు.

అది ముక్కూ మొహం తెలియని జనమంతా కలిసి ఇంటర్నెట్లో గీసుకునే పటం. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. అయినా దానికీ ఓ పద్ధతుంది. ఒంట్లో శక్తి ఉన్న మనిషి ఒక్క గెంతులో దాటగలిగితే వాగు, లేదంటే నది. వాగుకి సన్నగీత, నదికి లావుగీత. ఈ మాత్రం దానికి ఇంత రభసేమిటని ఇంట్లో ఆవిడ నవ్వుతూనే ఉంది. ఆయన వినిపించుకోకుండా, మార్చిన మనిషికి ఘాటుగా నాలుగు ముక్కలు రాశాడు. వచ్చి దూకి చూపించమని జవాబొచ్చింది. నీళ్ల ఒడ్డునే బట్టలు కుట్టుకుంటూ ఉంటానని ఇంటి గుర్తులు కూడా చెప్పింది ఆ మనిషి.

ఆదివారం పొద్దున్నే బూట్లు బిగించుకుని బయల్దేరాడు.

ఆమెకి నలభై దాటి ఉంటాయి. మెళ్లో టేపు అలాగే ఉంది. ఇంటి వెనక నీళ్లు చూడగానే ఆయన దూకబోయాడు. ఇక్కడ కాదు, ఇంకాస్త పైన వెడల్పు ఎక్కువని తీసుకెళ్లింది. అక్కడికెళ్లాక ఇంకా పైకంది. చివరికి ఆమె ఆగిన చోటు కూడా ఆయనకి మంచినీళ్లప్రాయమే.

"మీకెందుకండీ ఇంత పంతం?" అని అడిగేశాడు.

ఆమె అవతలి ఒడ్డుకేసి చూసింది. 'మా ఆయన' కావాల్సిన మనిషి అటువైపు ఉంటాడని చెప్పింది. పెళ్లి ఖాయం చేసుకోవడానికి వస్తూ, సరిగ్గా ఇక్కడే దూకబోయి నీళ్లలో పడ్డాడట. ఇది నది, దాటడం నా వల్ల కాదని అటునుంచి అటే వెళ్లిపోయాడట. ఆ మనిషి మీద బెంగ ఇంకా తీరలేదు ఆమెకి. మిషను ఆపాక ఇక్కడికొచ్చి కాసేపు కూచోకపోతే అన్నం సయించదట.

"పటంలో సన్నగీత ఉంటే ఆయన రాలేదని అర్థమండీ. లావుగీత ఉంటే, రాలేకపోయాడని."

ఇన్నాళ్లూ తన మాట నెగ్గాలనే తప్ప, గీతకి అటూ ఇటూ మనుషులుంటారని మందుల షాపాయనకి తట్టనే లేదు. పాపం అనిపించింది. సరే చూద్దామని వెనక్కి నడిచి, పరుగెత్తుకొచ్చాడు. తీరా ఎగిరేటప్పుడు కావాలనే కాలు కాస్త వెనక్కి లాక్కున్నాడు. నడుం లోతు నీళ్లలో దబ్బున పడ్డాడు. కళ్లద్దాలు పోయినంత పనైంది.

ఆమె చెయ్యిచ్చి పైకి లాగింది. ఇంట్లోంచి తువ్వాలు తెచ్చిచ్చింది.

"ఒప్పుకున్నానండీ, ఇది నదే" అన్నాడు వణుకుతూ. "ఇక నేను ముట్టుకోను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను."

ఆమె మొహం వెలిగిపోతుందనుకున్నాడు. ఆమె మాత్రం ఆయన తడి బూట్లకేసే చూస్తూ ఉండిపోయింది. కళ్లు నిండిపోయాయి.

"ఏమైందండీ?"

"ఆయన కూడా అచ్చం ఇలాగే, కాలు వెనక్కి లాక్కుని మరీ పడ్డాడండీ."