గళ్లు నింపిన గొంతు

“సెలెక్ట్ అయింది మేడమ్! మీ క్యాసెట్‌లోని గొంతే మాకు కావాలి. రేపు పదింటికి ఆఫీసుకు రండి” అన్నాడు ఫోన్లో సాఫ్ట్‌వేర్ కంపెనీ రిచర్డ్.

సత్యవేణి రిసీవర్ పెట్టేసి, లాలాగూడ ఇల్లు అదిరేలా ఒక్క గెంతు గెంతింది. తొలి ఉద్యోగం! కంప్యూటర్ ఇక తన గొంతుతోనే తెలుగు మాట్లాడుతుంది!

“ఏందే, ఇల్లు కూలగొడ్తవా?” వంటింట్లోంచి అత్తగారు కమలాబాయి కేకేసింది.

“ఉద్యోగం వచ్చిందత్తయ్యా! తెలుగు శబ్దాలన్నిటినీ గుంపులుగా విడగొట్టి, గళ్ల కాగితం గీశారు. ఒక గుంపు శబ్దం వెంటనే ఆగకుండా ఇంకో గుంపు శబ్దం పలికితే ఆ గడిలో టిక్కు. గళ్లన్నీ నింపే గొంతు కోసం నెల్లాళ్లుగా వెతుకుతున్నారట. నేను నింపేశాను!”

“గందుకేనా మొన్న తలుపేసుకొని క్యాసెట్ల సదివినవ్? పాలన్ని పొంగిపాయె!”

సత్యవేణి నాలిక్కరుచుకుంది. ఆవేళ అత్తగారు తలుపు తోసుకొచ్చి పెట్టిన చివాట్లన్నీ టేపులో పడ్డాయి. చెరపబోతే తను చదివింది కూడా పోతుందేమోనని భయపడి అలాగే పంపేసింది.

రాఘవేందర్ చెంచాడు పంచదార తెచ్చి పెళ్లాం నోట్లో పోశాడు. “రేపు నేనే బండి మీద దించుత, సరేనా?”

సత్యవేణి మురిసిపోతూ మామిడిపండు రంగు చీర తీసి ఇస్త్రీకి కూర్చుంది.

మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి కమలాబాయి ఎత్తింది.

“ఎవలు?... కంపెనీ రిచర్డా?... ఔ, క్యాసెట్ల పాలు పొంగినయని ఒర్లింది నేనే. అయితే ఏంది?... పిల్ల మాట మాటకు ఆగి సదివిందా? సగం గళ్లు ఖాళీనా?... ఏందీ! నేను ఊపిరి తియ్యకుండ తిట్టిన తిట్లల్ల అన్ని నిండినయా?”

సత్యవేణి చెయ్యి చీర మీదే ఆగిపోయింది. ఇస్త్రీపెట్టె కింద నుంచి పొగ లేచింది. రాఘవేందర్ పరుగున వెళ్లి ప్లగ్ పీకాడు.

“కొత్త చీర కాలవెడ్తివి కదనే! కండ్లేడ వెట్టినవ్? సోయి లేదా? పాలు పాయె, చీర పాయె, ఇంకేం మిగిలిందే ఇంట్ల!”

గుక్క తిప్పుకుని, కమలాబాయి తీరిగ్గా ఫోన్లో అంది.

“ఇన్నవా బిడ్డా? రేపు పదింటికి ఇద్దరం వస్తం. కోడల్ని సుత నౌకరీల పెట్టుకో. ఎదురుంగ ఆమె లేకుంటే నాతోని ఒక్క గడి సుత నిండదు.”