పలకని తాళం

“బాగుచెయ్యడం తర్వాత, అన్నయ్యా. ఆ రోజు తాళం తిప్పితే బండి ఎందుకు పలకలేదో ముందు అది చెప్పు,” అంది కోడలు, బండి చూడ్డానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌తో.

ట్రాక్టరు షెడ్డు మధ్యలో నిలబడి ఉంది. మామగారి హయాంలో కొన్నది. ఇలాంటి పాత బళ్ళ వైరింగును ఉన్నదున్నట్టు కాపాడి నడిపించడంలో ఆ ఎలక్ట్రీషియన్‌ది అందెవేసిన చెయ్యి. అయినా దీని మీద చెయ్యి వెయ్యడానికి వెనకాడుతున్నాడు. ఆర్నెల్ల కిందట తాళంతో స్టార్టు కాక, కోడలి భర్త కిందే నిలబడి, స్టార్టరు మీద స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి ఇంజను తిప్పాడు. బండి గేరులో ఉంది. ఒక్క ఉదుటున కదిలింది. వెనక చక్రం అతని మీదుగా పోయింది.

“ముందురోజు పైపు పెట్టి కడిగింది నేనే,” అందామె. “నీళ్ళు లోపలికి పోయుంటాయి. రోజూ తెల్లారేసరికి టక్కుమని తాళం తిప్పిన చప్పుడు వినిపిస్తుంది. పరుగెత్తుకెళ్ళి చూస్తాను. ఎవరూ ఉండరు.”

“ఊరుకోవే తల్లీ,” అంది అత్తగారు, బెంచీ మీద కూర్చుని గోడకేసి చూస్తూ. “ఆ ఇనుము ఎవరికో ఒకరికి ఇచ్చేద్దాం.”

ఎలక్ట్రీషియన్ మీటర్ల పలక విప్పాడు. గుడ్డ తొడుగుల పాత వైర్లు ముట్టుకుంటే పొడయ్యేలా ఉన్నాయి. పసిపిల్ల జుట్టు చిక్కు తీస్తున్నట్టు ఒక్కొక్కటే విడదీశాడు. తన బ్యాటరీ తగిలించి, తాళం తిప్పి, స్విచ్చి దగ్గర టెస్టు లైటు పెట్టాడు. వెలిగింది.

“స్విచ్చి బాగానే ఉందమ్మా. లోపల తుప్పు కూడా లేదు. తప్పు నీళ్ళది కాదు.”

ఆమె అక్కడే నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

“విన్నావుగా? ఇంక లే, పోదాం,” అత్తగారు లేచి నిలబడింది.

“మరెందుకు పలకలేదు?” అంది కోడలు కళ్ళు తుడుచుకుంటూ.

స్విచ్చి నుంచి స్టార్టరుకు పోవలసిన వైరు కోసం అతను పలక వెనక చెయ్యి పెట్టి తడిమాడు. దొరికింది. వెలుతురులోకి లాగి చూసి బిగుసుకుపోయాడు. వైరు తెగలేదు. ఊడదీసి, కొసకు గుడ్డపీలిక చుట్టి, దారంతో గట్టిగా ముడేసి ఉంది.

“ఎలుక...” అని ఏదో సర్దబోయాడు. అప్పటికే ఆమె వచ్చి వంగి చూసింది.

“ఇది ఎలుక పని కాదు. ఎవరో కావాలని తీశారు.” “ఎవరికి ఏం అన్యాయం చేశారని ఆయన్ని పొట్టన పెట్టుకున్నారు?”

ముసలావిడ మళ్ళీ బెంచీ మీద కూలబడింది.

“ఆ రాత్రంతా వాడు జ్వరంతో మూలుగుతూనే ఉన్నాడు కదే! బండి కదలకపోతే ఆ ఒక్కరోజైనా పడుకుంటాడనుకున్నాను.”