కాకి కబురు

డాబా మీద పళ్లు తోముకుంటున్న జలపతి నెత్తిన కాకి తన్నింది.

అది భార్య సరోజన కంట పడింది. ఇంకేముంది, ఇల్లు అదిరిపోయింది. కాకి తన్నిన మనిషికి గండమట. అది తప్పాలంటే, ఆ మనిషి చచ్చిపోయాడని దగ్గరివాళ్లకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు ఏడవాలి. ఏడ్చాక ఉత్తదేనని చెప్పాలి.

"వద్దే, అక్క తట్టుకోదు," అన్నాడు జలపతి. తల్లి పోయాక ముద్దలు కలిపి పెట్టి పెంచింది ఆ అక్కే, ఊర్మిల.

"ఆమె కంటే నీ కోసం ఏడ్చేటోళ్లు ఎవలున్నరు?" అంటూ సరోజన అప్పటికే కోరుట్లకు ఫోన్ కొట్టేసింది. "వదినా, మీ తమ్ముడు పోయిండు!"

అటునుంచి ఒక్క కేక. ఫోన్ కింద పడ్డ చప్పుడు.

"ఏడ్చింది. దోషం పోయింది," అని సరోజన హాయిగా పొయ్యి వెలిగించుకుంది.

మళ్లీ చేస్తే అక్క ఎత్తలేదు. బావ భూమేశూ ఎత్తలేదు. ఉత్తదేనని బావకు వాయిస్ మెసేజ్ పెట్టి, జలపతి సిరిసిల్ల బస్టాండుకు పరుగెత్తాడు. అక్క ఏడ్చుకుంటూ దొరికిన బస్సు ఎక్కేసే ఉంటుంది. ఆమె కాళ్లు పట్టుకుని తప్పయిందని చెప్పేదాకా అతనికి గుటక దిగదు.

కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా వచ్చే బస్సు వచ్చింది. అక్క దిగలేదు. ఉసూరుమని వెనక్కి తిరిగితే, సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉంది.

చెప్పుల్లేవు. చేతిలో సంచి లేదు. వంటింట్లో కట్టుకునే వెలిసిన చీర, కొంగుకు పసుపు మరక. కబురు విని ఉన్నపళంగా బయల్దేరిందన్నమాట. జలపతి గుండె తరుక్కుపోయింది.

"అక్కా, నేను సావలే! కాకి తన్నిందే. గా సరోజన మాట ఇని..."

"ఎరుకేరా."

"తిట్టు! కొట్టు!"

"నువ్వు బతికున్నవ్. నాకు గంతే సాలు."

కోపం లేదు, ఏడుపు లేదు. అదే అతన్ని భయపెట్టింది. చిన్న తప్పుకే చెవి మెలేసే మనిషి మరి.

"ఇంటికి పోదాం పా అక్కా."

"ఇల్లు ఎటు పోతది? గిన్నేండ్ల సంది సిరిసిల్ల బజారు సూపిస్త సూపిస్త అంటివి. ఇయ్యాల సూపియ్యి. నడుసుకుంటనే పోదాం."

జేబులో ఫోన్ మోగింది. బావ! మెసేజ్ విన్నట్టున్నాడు. ఇక తిట్ల వానే.

"ఇప్పుడెత్తకు," అంది ఊర్మిల. "గీ కొంచెం సేపు నాతోని నడువు."

నడిచారు. ఎండ మాడ్చేస్తోంది. జలపతి తన చెప్పులు విడిచి అక్క ముందు పెట్టాడు.

"నువ్వే ఏసుకో. నాకు కాలుతలేదు," అని ఆమె ముందుకు సాగింది.

పాత బజారులో ఒక షావుకారు ఇల్లుంది. దర్వాజ నిండా చెక్కిన చిలుకలు. రంగు పోయినా ముక్కులు పోలేదు. ఊర్మిల అక్కడ చాలాసేపు నిలబడింది.

"అమ్మ సూస్తే ఎంత మురుస్తుండెనో," అంది. జలపతి కళ్లు తుడుచుకున్నాడు.

సందు తిరిగితే సాంచాల మోత. కరెంటు మగ్గాలు వీధి వీధంతా దడదడలాడిస్తున్నాయి. మగ్గం పని మీదున్న స్నేహితుడు తిరుపతి జలపతిని చూసి తల ఊపాడంతే. ఆ మోతలో మాటలుండవు. ఊర్మిల మాత్రం బయటికొస్తున్న బట్టనే చూస్తూ ఉండిపోయింది.

గాజుల దుకాణం జమాలున్నీసా పలకరించింది. "ఏం జలపతీ, ఇయ్యాల పనికి పోలే? దా, చాయ్ తాగు." అతను తన గ్లాసు అక్క వైపు చాపితే ఆమె వద్దని తల ఊపింది. నా చావు కబురు విన్నాక ఆమెకేం దిగుతుందిలే అనుకున్నాడు. ఆ ఎండలోనూ అతనికి ఒళ్లు జలదరించింది.

ఫోన్ మళ్లీ మోగింది. మళ్లీ నొక్కేశాడు.

చౌక్ దగ్గర ప్రకాశ్ చీరల దుకాణం. "దా అక్కా," అన్నాడు జలపతి. "ఇయ్యాల నీకు నచ్చిన చీర కొనియ్యకపోతే నేను మనిషినే కాదు."

ఆమె ముఖం వెలిగింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఎవలికి అన్నా?" అడిగాడు ప్రకాశ్.

"మా అక్కకు. ఉత్తగనే ఏడిపించిన."

"ఏ రంగు?"

వెనక నుంచి ఊర్మిల మెల్లగా అంది, "పసుపు రంగుదిరా. ఎర్రంచు."

"పసుపు చీర. ఎర్రంచు," అన్నాడు జలపతి.

ప్రకాశ్ చీర పరిచాడు. ఆమె దాన్ని తాకలేదు. చూస్తూనే ఉంది, పెళ్లినాడు చూసినట్టు.

"ఫాల్ కుట్టిస్త. రేపు తీస్కపో అన్నా."

"అద్దురా," అంది ఊర్మిల చప్పున. "ఇయ్యాల్నే కట్టుకుంట."

జలపతి నవ్వుతూ చీర కవర్లో పెట్టించుకున్నాడు. అమ్మయ్య, అక్క మన్నించింది! దుకాణం మెట్లు దిగుతుండగా ఫోన్ మళ్లీ మోగింది.

"ఇగ ఎత్తురా," అంది ఊర్మిల. "మీ బావను ఎంతసేపు సతాయిస్తవ్?"

జలపతి ఎత్తాడు. తిట్టే సందు ఇవ్వకుండా తనే అందుకున్నాడు. "బావా, తప్పయింది. కోపం చేయకు. అక్కకు చీర సుత కొన్న, పసుపుది..."

అటువైపు ఎవరో ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఆ తర్వాత బావ గొంతు వినిపించింది.

"పట్టుకొని జెల్ది రా జలపతీ, నీ కబురు ఇన్నకాడ్నే కూలవడ్డ మీ అక్క మల్ల లేవలే, తల్లిగారింటి చీర కప్పినంకనే కాటికి తీస్కపోవాలెనని పొద్దటి సంది నీ కోసమే ఆగినం."