కరెంటు జాకీ

"ముందు నన్ను విప్పు, ఆ తర్వాత దాన్ని విప్పుదువుగానీ!" అంటూ అబ్దుల్ రహీం పోయి కారవాన్ ముందరి ఇనుప కమ్మీ మీద కూర్చున్నాడు. కూర్చుని, పాత జాకీని రెండు చేతులా కావిలించుకున్నాడు.

జిలానీ బాషా చేతిలో స్పానర్ అలాగే ఉండిపోయింది.

"లెయ్యన్నా. అర్బాబ్ వస్తే బాగుండదు."

"రానీ! నేనేమన్నా దొంగతనం చేసినానా? ఎండనక, ఇసకనక ఈ హ్యాండిల్ తిప్పీ తిప్పీ నా భుజం పడిపాయ. ఇప్పుడు దీనికి మోటరు పెట్టిస్తాడంట, మోటరు!"

గల్ఫ్‌లోని అల్ ఐన్‌లో వాళ్ళ యజమాని ఖర్జూరం తోట అది. యజమానిని అక్కడ అర్బాబ్ అంటారు. చలికాలం వచ్చిందంటే ప్రతి గురువారం సాయంత్రం ఆయన ఇంటిల్లిపాదినీ తీసుకుని ఎడారిలో మకాం వేస్తాడు. చక్రాల మీద ఇల్లు లాంటి ఆ కారవాన్‌ని ల్యాండ్‌క్రూజర్‌కి తగిలించాలన్నా, విడదీయాలన్నా జాకీతో దాని ముక్కు ఎత్తాలి, దించాలి. ఆ పనికే రహీంని పెట్టుకున్నారు. ఇప్పుడు కరెంటు జాకీ వచ్చింది. బటన్ నొక్కితే చాలు, అదే ఎత్తుతుంది, అదే దించుతుంది.

"హయాత్ బాషా ఏమైనాడో మర్చిపోతివా?" రహీం గొంతు లేచింది. "తోటకు డ్రిప్పు పైపులు వచ్చినాయి. నీళ్ళు కట్టే హయాత్ బాషాకు వీసా క్యాన్సిల్ కొట్టి విమానం ఎక్కించినారు. రేపు నాదీ అదే గతి. అర్బాబ్‌కేం, ఉన్నోడు, ఏదన్నా కొంటాడు. నువ్వు మా రాయచోటోడివి కదరా! నీ చేత్తోనే నా నోటికాడి కూడు పడగొడతావా?"

జిలానీకి రోషం వచ్చింది.

"గ్యారేజీలో పని చేసేటోణ్ణి నేను. ఆ గ్యారేజీ కూడా అర్బాబ్‌దే. నీకూ నాకూ వీసా ఇచ్చిన కఫీల్ ఒకడే. బిగించమన్నాడు, బిగిస్తాండా. నేను కాదంటే ఇంకొకడు బిగిస్తాడు. కాలం మారిండాదన్నా! మిషన్ల కాలం ఇది. మన కోపానికి ఆగుతాదా?"

"బాగా చెప్తివి! నీకేం, శుక్రవారం వస్తే నమాజు చదివి, బిర్యానీ తిని, కార్డు గీకి పెండ్లాంతో పొద్దుగూకేదాకా ఫోన్లో మాట్లాడుకుంటావు. పోయేది నా పొట్ట!"

"వారానికి నాది ఆ ఒక్క పూటేనన్నా. దాని మీద కూడా కన్నేయొద్దు. లెయ్!"

గేటు దగ్గర హారన్ మోగింది. అర్బాబ్ కారు దిగే మనిషి కాదు. టీ కావాలన్నా, సిగరెట్టు కావాలన్నా కొట్టు ముందు ఆపి హారన్ కొడతాడు. కొట్టువాడే కారు దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. ఎంత కోపంలో ఉన్నా ఆ హారన్ వింటే రహీం కాళ్ళు వాటంతటవే లేస్తాయి. ఇప్పుడూ లేచాయి, పోయి గేటు తీశాయి.

జిలానీ ఆ సందు చూసుకుని పాత జాకీ ఊడదీశాడు. కొత్తది అదే చోట దింపి బోల్టులు బిగించాడు. వైరు లాగి బ్యాటరీకి కలిపాడు. కారు వచ్చి కారవాన్ దగ్గర ఆగింది. రహీం తిరిగొచ్చి పక్కన నిలబడి సణుగుతూనే ఉన్నాడు.

"దానికి పెండ్లాం పిల్లలు లేరు. జ్వరం రాదు. సెలవు అడగదు. పడుకునేదానికి మంచం అక్కర్లేదు. అదే మేలు! మనుషులెందుకు ఈయప్పకు?"

జిలానీ బటన్ నొక్కాడు. గుర్రుమంటూ కారవాన్ ముక్కు పైకి లేచింది. రహీం చెమటలు కక్కుతూ చేసే పని, చెమట చుక్క లేకుండా అయిపోయింది.

రహీం ఇంక అక్కడ నిలబడలేదు. రేకుల గదిలోకి పోయి, ఉన్న నాలుగు బట్టలూ సంచిలో కుక్కుకుని తిన్నగా కారు దగ్గరికి వచ్చాడు. వాళ్ళు పొమ్మనేదాకా ఆగడమెందుకు? ఆ మాటేదో తనే మొహం మీద అనేసి పోదామనుకున్నాడు. అర్బాబ్ అద్దం దించాడు.

"నా పాస్‌పోర్టు ఇయ్యి అర్బాబ్," వచ్చిన హిందీలో గట్టిగానే అన్నాడు రహీం. "మిషన్ వచ్చింది. రహీం ఖలాస్."

అర్బాబ్ సంచి వైపు చూశాడు. రహీం వైపు చూశాడు. ఆయనకేమీ అర్థమైనట్టు లేదు.

"ఎక్కడికి పోతావు?" అన్నాడు. "నువ్వు పోతే బటన్ ఎవడు నొక్కుతాడు?"

రహీం చేతిలో సంచి జారి కింద పడింది. బతికిపోయానని సంతోషించాలా? ఒళ్ళు మండిపోయింది.

"చూస్తివా జిలానీ!" అన్నాడు తెలుగులో. "బటన్ నొక్కేదానికి కూడా మనిషి కావల్నంట! దీనికా నేను ఇంతసేపు ఏడ్చింది!"

జిలానీకి నవ్వాగలేదు. నవ్వుతూనే సామాన్లు సర్దుకుంటుంటే కొత్త జాకీ డబ్బాలోంచి చిన్న హ్యాండిల్ ఒకటి బయటపడింది. అర్బాబ్ దాన్ని చూశాడు.

"అదేంటి?"

"బ్యాటరీ అయిపోతే చేత్తో తిప్పేదానికి, అర్బాబ్."

"ఎడారిలో అయిపోతే?" అర్బాబ్ గడ్డం నిమురుకున్నాడు. "రహీంకి బటన్ పని ఉంది. హ్యాండిల్ నీ దగ్గర ఉంచు. ఈ గురువారం నుంచి నువ్వు కూడా మాతోనే. శుక్రవారం రాత్రికి తిరిగొద్దాం. యల్లా, పదండి!"

అద్దం పైకి లేచింది. జిలానీ చేతిలో హ్యాండిల్ అలాగే ఉండిపోయింది.

"ఇదేం అన్యాయమన్నా! నా శుక్రవారం..."

రహీం సంచి ఎత్తి దుమ్ము దులుపుకున్నాడు.

"కాలం మారిండాది తమ్ముడూ! మిషన్ల కాలం ఇది. మన కోపానికి ఆగుతాదా?"