అరవై రెండో షీటు

“జంపక్క పేరుతో దరఖాస్తే లేదు మేడమ్,” అన్నాడు సూపరింటెండెంట్ వెంకటేశ్వరరావు.

“ఎండాకాలంలనే ఇచ్చిన గదమ్మా!” అంది జంపక్క. ఆమె పోడు చేసుకునే రెండెకరాలు రోడ్డు పక్కనే ఉన్నాయి. పట్టా రాకపోతే అవి ఎవరి చేతికి పోతాయో ఊరందరికీ తెలుసు. దరఖాస్తుల గడువేమో నిన్నటితో అయిపోయింది.

తనిఖీకి వచ్చిన అధికారిణి కంప్యూటర్ ఆపరేటర్ శ్రావణి వైపు చూసింది.

“నేనే ఎక్కించిన మేడమ్. ఒక్కో దరఖాస్తుకు ఒక్కో షీటు.”

వెంకటేశ్వరరావు పళ్ళికిలించాడు. కాంట్రాక్టు ఉద్యోగం, అందులోనూ గూడెం పిల్ల. తన ముందు నోరు విప్పడమే ఆయనకు వింతగా ఉంది. ఖమ్మంలో మూడు రోజుల కంప్యూటర్ శిక్షణ ముగించుకుని వచ్చినప్పటి నుంచి ఆఫీసులో మిగతావాళ్ళంతా ఆయన కంటికి గొర్రెల్లాగే కనిపిస్తున్నారు.

“ఈమె మాట నమ్ముతారా మేడమ్? బటన్ నొక్కితే కొత్త షీటొచ్చి, వరుస నంబరు దానంతటదే పేరుగ పడాలె. దానికో మాక్రో రాసింది. గంత చిన్న పని గూడ చాతకాలే. మీరే చూడండి.”

ఆయనే బటన్ నొక్కాడు. ఆఖరి షీటు 61. దాని తర్వాత 62 అని పడలేదు. ‘61’ పేరుతో షీటు ఇప్పటికే ఉందని హెచ్చరిక వచ్చి మాక్రో ఆగిపోయింది.

శ్రావణి తల వంచుకుంది. అది చూసి ఆయనకు మరింత హుషారొచ్చింది.

“ఎందుకు ఆగింది?” అని అడిగింది అధికారిణి.

“బుర్రలేని రాత మేడమ్. ఆఖరి నంబరు చూసి దాని తర్వాతది పెట్టాలె. ఈమెదేమో ఉన్న షీట్లు లెక్కబెట్టి ఒకటి కలుపుతది. నడుమల ఒక్కటి తీసేసినా లెక్క తప్పి గిట్లనే ఆగుతది. బడిపిల్లలు గూడ గిట్ల రాయరు!”

“ఈ ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది?”

“నా దగ్గరనే మేడమ్. నేను తెరిచిస్తేనే ఈమె ముట్టుకుంటది.”

అధికారిణి మౌస్ అందుకుని షీట్లు ఒక్కొక్కటే వెనక్కి జరిపింది. నలభై ఐదు. నలభై నాలుగు. నలభై రెండు.

వెంకటేశ్వరరావుకు చెమట పట్టింది.

“ఇలా ఎందుకు రాశావమ్మా?” అని శ్రావణిని అడిగింది అధికారిణి.

“ఎవరన్న ఒక్క షీటు మాయం జేసినా ఆగిపోవాలనే గట్ల రాసిన మేడమ్.”