కమిలిన బుగ్గ

"తెలుపు కలపనంటే కలపను!" సూర్యం కుంచె వీపు వెనక్కి దాచేశాడు.

"థోడా, కొంచెమే కలపవయ్యా బాబూ! సాయంత్రమే పటం తెర తియ్యాలి. పెద్ద పెద్ద ఆఫీసర్లు వస్తున్నారు," అన్నాడు సెక్రటరీ గోవిందరావు.

హిందీవాళ్ల ఊళ్లో ఉక్కు ప్లాంటు పనికి వలసొచ్చిన తెలుగువాళ్లు భాలుబాసా పేటలో కట్టుకున్న లైబ్రరీ అది. డ్యూటీ దిగాక రోజూ ఇటుకలు మోసి దాన్ని నిలబెట్టిన ముసలయ్య పోయి ఏడాదైంది. ప్లాంటులో పెయింటర్ పని చేసే సూర్యం నెల్లాళ్లు కూర్చుని ఆయన పటం ఆయిల్ రంగుల్లో వేశాడు.

"ఇందులో తప్పేటుందండి?"

"మరీ నల్లగా ఉన్నాడు. ఆ ఎడం బుగ్గైతే కమిలిపోయినట్టుంది."

"కమిలిపోనాదండి మరి! ఇరవయ్యేళ్లు ఫర్నేసు ముందర నిలబడితే మీదీ కమిలిపోద్ది. ఇది ఒట్టి నలుపు కాదండి. ఎరుపు, పసుపు, పిసరంత నీలం కలిపి, ఆయన తమ్ముడి సెయ్యి పక్కనెట్టుకుని సూసి మరీ ఏసేను."

"పటంలో మనిషి కాస్త దొరలా ఉండాలయ్యా. ఆయన భార్య జోగమ్మ కూడా చూసుకుని మురిసిపోతుంది."

"ముసలయ్య మావ దొర కాడండి, ఖలాసీ. నా సేత్తో మావ తోలు ఒలిచీమంతారేటి?"

"నువ్వు కాకపోతే ఇంకోడు. పో!"

సూర్యం బ్లేడు తీశాడు. పటం మూల రాసుకున్న తన పేరు బరబరా గీకేసి బయటికి నడిచాడు.

గోవిందరావు సాక్చి బజారు నుంచి సినిమా బోర్డులు రాసే బంగారురాజుని పిలిపించాడు. మధ్యాహ్నానికల్లా ముసలయ్య బుగ్గలు రెండూ పాలమీగడలా తయారయ్యాయి.

సాయంత్రం హాలు కిటకిటలాడిపోయింది. సూర్యం ఆఖరి బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తెర తీశారు. ఆరని రంగు వాసన గుప్పుమంది. చప్పట్లు మోగాయి. ఆఫీసర్లు "వాహ్" అన్నారు.

గోవిందరావు బంతిపూల దండ తెచ్చి జోగమ్మ చేతుల్లో పెట్టాడు. ఆవిడ పటం వంక ఒక్కసారి చూసింది. గబుక్కున కొంగు నెత్తిమీదికి లాక్కుని, మొహం పక్కకి తిప్పేసుకుంది.

"పాపం, దుఃఖం ఆపుకోలేకపోతోంది," అన్నాడు గోవిందరావు ఆఫీసర్లతో. "వెయ్యమ్మా, అందరూ చూస్తున్నారు. వెయ్యి."

జోగమ్మ దండ తీసి గోవిందరావు చేతుల్లోనే కుక్కేసింది.

"నువ్వే ఎయ్యి బావూ. మొగుడు పోతే మాత్రం, పరాయి మగోడి మెళ్లో నానెందుకు దండేత్తాను?"