వేలిముద్ర పడింది

వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగేసరికి లింబాద్రి లైన్లోంచి బయటికొచ్చి పడ్డాడు.

"ఎవడ్రా అది?" అని గిర్రున తిరిగాడు.

ఎదురుగా ఓ ముసలాయన. మాసిన చొక్కా, నెత్తిన తడి తువ్వాలు, జేబులో రెండు పెన్నులు.

"ఇంటికి పోయేటోళ్లది ఈ లైను కాదు నాయనా! ఇది కఫీల్‌ను మార్చుకునేటోళ్లది. ఆ పక్క గేటు మనది. పరిగెత్తు!"

సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో ఆ రోజు ఎవరి కాళ్లూ నేలమీద లేవు. సౌదీవాళ్లకే ముందు పని అనే నితాఖత్ చట్టం తెచ్చి, సరైన కాగితాల్లేని పరదేశీలకిచ్చిన మాఫీకి అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం రెండింటికి గేటు మూసేస్తారు. ఈలోపు వేలిముద్ర వేసినవాడు జరిమానా లేకుండా ఇంటికి. వెయ్యనివాడు జైలుకి.

లింబాద్రి గుండెల్లో తీన్మార్ మోగుతోంది. మెట్‌పల్లి వదిలి ఆరేళ్లు. మేస్త్రీ పనికని పిలిపించి ఎడారిలో ఒంటెలు కాయమన్నాడు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని. తప్పించుకుని వచ్చేస్తే, పారిపోయినవాడని 'హురూబ్' రాయించాడు. అప్పట్నుంచీ దాక్కుంటూ గోడలు కట్టడమే బతుకు. పాకుతున్నప్పుడు చూసిన కూతురు కావ్య ఇప్పుడు రెండో తరగతి.

"ఏమిస్తే పనైతది?" అనుమానంగా అడిగాడు. ఇద్దరు బ్రోకర్ల చేతిలో మోసపోయిన మనిషి మరి.

"ఇంటికి పోయేదానికి ఎంబసీ ఇచ్చిన నీ ఔట్‌పాస్ ఇయ్యి చాలు. ఫారం అరబ్బీలో నింపాల."

మోకాలి మీద కాగితం పెట్టుకుని, కుడినుంచి ఎడమకు చకచకా రాసిచ్చేశాడు ముసలాయన. లోపలనుంచి ఎవరు ముద్ర వేసి వచ్చినా రెండు చేతులూ పైకెత్తి, "ఇంకొకడు ఇంటికి!" అని కేకేస్తున్నాడు. గుంపంతా ఈల వేస్తోంది. పెళ్లింట్లో తిరిగినట్టు తిరుగుతున్నాడు.

పన్నెండున్నరకి లింబాద్రి వంతు వచ్చింది.

మెషీన్ మీద వేలు పెట్టాడు. ఎర్ర లైటు.

మళ్లీ పెట్టాడు. ఎరుపే.

పది వేళ్లూ అయ్యాయి. ఏళ్ల తరబడి పట్టిన సిమెంటు గీతలన్నీ తినేసింది. సోల్జర్ తల అడ్డంగా ఊపి బయటికి చెయ్యి చూపించాడు.

లింబాద్రి గేటు బయట కూలబడిపోయాడు.

"ఏమైంది?" పరిగెత్తుకొచ్చాడు ముసలాయన.

"వేళ్లు వడుతలేవు పెద్దయ్యా. నా పని ఖతమ్."

"చూపించు. ఓ, మేస్త్రీవి కదా! మేస్త్రీల వేళ్లన్నీ ఇంతే. నాని మెత్తబడితే గీతలు లేస్తాయి. యాడికీ పోవద్దు!"

ఆ వయసులో ఆ పరుగేమిటో! ఎదురు టీ కొట్టునుంచి గిన్నెలో వేణ్నీళ్లు, పక్క దుకాణంనుంచి వాజలైను డబ్బా తెచ్చాడు. లింబాద్రి చేతుల్ని వేణ్నీళ్లలో ముంచి ఉంచాడు. తరవాత ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలూ రుద్దడం మొదలుపెట్టాడు.

"మీకెందుకయ్యా గింత తక్లీఫ్?"

"మాట్లాడొద్దు, చెయ్యి కదిలించొద్దు. గీతలు లేస్తాండాయి."

ఒంటిగంట దాటింది. ఒంటిగంటన్నర. లింబాద్రి తన వేళ్లకేసి తప్ప ఎటూ చూడలేదు.

రెండింటికి పది నిమిషాలుందనగా ముసలాయన అతణ్ని లేపి ముందుకు తోశాడు.

"మేస్త్రీ వస్తాండాడు, దారి ఇడవండి!"

గుంపు రెండుగా చీలింది.

చూపుడు వేలు. ఎరుపు.

నడిమి వేలు. ఎరుపు.

బొటనవేలు. మెషీన్ ఒక్క క్షణం ఆలోచించింది. పచ్చ లైటు!

సోల్జరే నవ్వేశాడు. కాగితం మీద ముద్ర దబ్బున పడింది. లింబాద్రి బయటికి రాగానే అతని వెనకే గేటు మూతపడింది.

ఒక్క గెంతులో వెళ్లి ముసలాయన్ని అమాంతం ఎత్తుకుని గిరగిరా తిప్పేశాడు.

"పడతా, దించు నాయనా! పోయి నీ బిడ్డను ఎత్తుకో, నన్ను కాదు!"

"మీ పేరేంది పెద్దయ్యా?"

"పేరుకేముందిలే, బస్సు కదులుతాంది. ఎక్కు!"

రియాద్ విమానాశ్రయానికి పోయే బస్సంతా అరుపులు, పాటలు. లింబాద్రి ఇంటికి, భార్యకి ఫోన్ చేశాడు.

"వేలిముద్ర వడ్డదే పోశమ్మా! వస్తున్న!"

అవతల పోశమ్మ పెట్టిన కేక పక్క సీటుదాకా వినిపించింది.

పక్క సీట్లో నిర్మల్ ఊరి యాదగిరి. అతనొక్కడే కిటికీలోంచి వెనక్కి చూస్తున్నాడు.

"ఏందన్నా, ఇంటికి పోతున్నమన్న సంబురం లేదా? ఆ పెద్దాయన లేకుంటే ఇయ్యాల నేను జైల్ల ఉందును. ఆడ నౌకరి చేస్తడా ఆయన?"

"నౌకరా? మహబూబ్ సుభాని సాబ్! కడప దిక్కు. హఫర్ బజార్ల ముప్పై ఏండ్ల బట్టల దుకాణం. మనోడు ఎవడు సచ్చినా పీనుగ ఊరికి చేరేదాక నిలవడ్డది ఆయనే. మనోళ్ల పిల్లలకు బడి వెట్టించిండు. బజార్ల తగాదా అయితే అరబ్బులు సుత ఆయననే పిలుస్తుండిరి."

"అంత పెద్దమనిషా! మరి ఎండల గీ తిప్పలేంది?"

"నితాఖత్‌ల దుకాణం పాయె. ఆయన మీద సుత కఫీల్ హురూబ్ రాసిండు."

లింబాద్రి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"మరి ఆయన ఎన్నడు పోతడు?"

యాదగిరి మళ్లీ కిటికీవైపు తిరిగాడు.

"ఏడు నెలల సంది 'మీరంతా పోయినంక నేను' అన్నడు. ఇయ్యాల జబర్దస్తిగ నేనే లైన్ల ఆయన జాగ వట్టి ఉంచిన. ఒంటిగంటకు ఆయన వంతు వచ్చింది తమ్మీ. నేను పిలువవోతే, నీ వేళ్లు ఇడువకుండనే, తలకాయతోని నన్ను లోపటికి పొమ్మని సైగ జేసిండు."